ఆరింటిలో ఒక్కటే కలిసిన కిడ్నీని వద్దనుకోవాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. మీ తమ్ముడి వయసు 34 ఏళ్లు. డయాలసిస్ చేయించుకుంటూ, జీవన్మృతుల (బ్రెయిన్ డెడ్ అయిన దాతల) నుంచి వచ్చే కిడ్నీ కోసం జాబితాలో పేరు నమోదు చేయించుకున్నారు. ఈమధ్య ఒకసారి పిలుపు వచ్చి, ఆ కిడ్నీ చివరకు వేరొకరికి వెళ్లింది. ఆ సందర్భంలో "ఆరింటిలో ఒక్కటే కలిసింది" అన్న మాట మీ చెవిన పడింది. మళ్లీ పిలుపు వచ్చినప్పుడు కూడా ఇంతే కలిస్తే వద్దని చెప్పి, బాగా కలిసే దాత దొరికేవరకు ఆగడం మేలా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. బ్లడ్ గ్రూపు సరిపోయి, దాత కణాల మీద రోగి రక్తం దాడి చేస్తుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ నెగెటివ్‌గా వచ్చి, ఆ దాత కణజాలానికి వ్యతిరేకంగా మీ తమ్ముడి రక్తంలో బలమైన యాంటీబాడీలు లేనట్లయితే, కేవలం హెచ్ఎల్ఏ (కణజాల రకం) కలవలేదన్న కారణంతో కిడ్నీని వద్దనకండి. కలవకపోవడం వల్ల నష్టమే లేదని నేను అనడం లేదు. నష్టం ఉంది, దాని లెక్కలు కింద ఇస్తాను. కానీ డయాలసిస్ మీద మరికొన్నేళ్లు ఆగడం వల్ల కలిగే నష్టం సాధారణంగా దానికంటే పెద్దది. కిడ్నీ మార్పిడి విభాగంలో పనిచేసే వైద్యుడిగా ఈ ప్రశ్నను తరచుగా వింటుంటాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తున్నాను.

"కలవడం" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు విషయాలు ఉన్నాయి. మొదటిది బ్లడ్ గ్రూపు. రెండవది యాంటీబాడీలు, అంటే క్రాస్‌మ్యాచ్. మూడవది హెచ్ఎల్ఏ రకాల పోలిక. మొదటి రెండూ గడపల వంటివి, అవి దాటితేనే లోపలికి ప్రవేశం. మూడవది అలాంటిది కాదు. అక్కడ ఎక్కువ తక్కువలు ఉంటాయే గానీ "అవును, కాదు" అనే తీర్పు ఉండదు. కుటుంబాలు కంగారు పడేది ఎక్కువగా ఈ మూడవదాని గురించే, మేము రాత్రంతా మేలుకుని ఎదురుచూసేది మాత్రం రెండవదాని ఫలితం కోసం.

హెచ్ఎల్ఏ అంటే మన కణాల ఉపరితలం మీద ఉండే ప్రోటీన్లు. వాటి జన్యువులు ఆరవ క్రోమోజోమ్ మీద ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉంటాయి. ఇది తన కణమా, పరాయి కణమా అని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది ప్రధానంగా వీటిని బట్టే. వీటిలో మొదటిదాన్ని ఫ్రాన్సుకు చెందిన జాఁ దొసే 1958లో వర్ణించారు. ఆ కృషికి ఆయనకు 1980లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కిడ్నీ మార్పిడిలో సంప్రదాయంగా లెక్కించేవి మూడు రకాలు: ఎ, బి, డిఆర్. ఒక్కొక్క రకంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కనుక మొత్తం ఆరు. మీరు విన్న "ఆరు" అదే.

ఈ జన్యువులు గుంపుగా వారసత్వంగా వస్తాయి కాబట్టి తోబుట్టువులిద్దరిలో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం, సగం కలిసే అవకాశం 50 శాతం, అసలు కలవని అవకాశం 25 శాతం ఉంటుంది. జీవన్మృతుడైన దాత మాత్రం రక్తసంబంధం లేని వ్యక్తి. ఒక్కొక్క రకంలో లోకంలో ఎన్నో రూపాలు ఉన్నాయి. అటువంటప్పుడు ఇద్దరు అపరిచితుల మధ్య ఆరుకి ఆరూ కలవడం అరుదు, నాలుగైదు తేడాలు ఉండడం సర్వసాధారణం. అందువల్ల మీరు విన్న మాటలో అసాధారణమైనది ఏమీ లేదు.

ఇంకొక సంగతి. వైద్యబృందం లెక్కించేది ఎన్ని కలిశాయని కాదు, దాతలో ఉండి రోగిలో లేనివి ఎన్ని అని. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ ఒకటి కావు. ఉదాహరణకు దాతకు రెండు వైపుల నుంచీ డిఆర్4 రకమే వచ్చిందనుకుందాం. రోగికి డిఆర్4, డిఆర్15 ఉన్నాయి. కాగితం మీద చూస్తే రెండింటిలో ఒక్కటే కలిసినట్టు కనిపిస్తుంది. కానీ దాత కిడ్నీలో రోగికి పరాయిదైన డిఆర్ ఒక్కటి కూడా లేదు, కాబట్టి తేడా సున్నా. మీ తమ్ముడి విషయంలో నిజంగా ఐదు తేడాలు ఉన్నాయా, లేక అంతకంటే తక్కువా అన్నది దాత, రోగి హెచ్ఎల్ఏ రకాలు చూపే రెండు టైపింగ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.

ఇక తేడాల ప్రభావం ఎంత అన్న విషయానికి వస్తే, అమెరికాలో 1987 నుంచి 2013 వరకు పెద్దవారికి జీవన్మృతుల నుంచి జరిగిన మొదటి కిడ్నీ మార్పిడులు 1,89,141 పరిశీలించి 2016లో ఒక విశ్లేషణ ప్రచురించారు. తేడా ఏదీ లేని కిడ్నీలతో పోలిస్తే ఒక్క తేడా ఉన్నప్పుడు కిడ్నీ విఫలమయ్యే ముప్పు 13 శాతం ఎక్కువ, ఆరు తేడాలూ ఉన్నప్పుడు 64 శాతం ఎక్కువ అని అందులో తేలింది. 64 శాతం అనగానే వందలో 64 కిడ్నీలు పోతాయని అర్థం కాదు. తేడాలు లేనప్పుడు ఎంత ముప్పు ఉంటుందో దానికి మరో 64 శాతం కలుస్తుందని మాత్రమే. తేడాలు ఒక్కొక్కటీ పెరిగేకొద్దీ ముప్పు మెట్టుమెట్టుగా పెరిగింది, ఫలానా సంఖ్య దాటగానే ఒక్కసారిగా ఎగబాకలేదు. అంతకుముందు 2000లో వెలువడిన మరో అమెరికా నివేదిక ప్రకారం, పూర్తిగా కలిసిన జీవన్మృతుల కిడ్నీల్లో పదేళ్ల తర్వాత పనిచేస్తున్నవి 52 శాతం, కలవనివాటిలో 37 శాతం. ఈ తేడాను చిన్నదని కొట్టిపారేయలేము. అయితే ఆ అంకెలు చాలావరకు పాత మందుల కాలానివి. రిజెక్షన్‌ను, అంటే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడాన్ని, అడ్డుకునే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ అనే మందులు వాడుకలోకి వచ్చాక అన్ని రకాల మార్పిడుల ఫలితాలూ మెరుగుపడ్డాయి.

ఇప్పుడు తక్కెడలో రెండో వైపు చూడాలి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనాన్ని నేను చాలామంది కుటుంబసభ్యులకు వివరిస్తుంటాను, ఎందుకంటే దాని పద్ధతి చాలా స్పష్టమైనది. ఒక దాత నుంచి రెండు కిడ్నీలు వస్తాయి కదా. ఒకటి ఆరు నెలల కంటే తక్కువ డయాలసిస్ చేయించుకున్న వ్యక్తికి, రెండోది రెండేళ్లకు పైగా డయాలసిస్ మీద ఉన్న వ్యక్తికి వెళ్లిన జంటలను తీసుకుని పోల్చారు. దాత ఒక్కరే గనుక కిడ్నీ నాణ్యతలో తేడా లేదు. పదేళ్లకు మొదటి గుంపులో 63 శాతం కిడ్నీలు పనిచేస్తుంటే రెండో గుంపులో 29 శాతమే పనిచేస్తున్నాయి. మంచి పోలిక కోసం ఆగుతున్నామని మనం అనుకునే ఆ కాలంలోనే రక్తనాళాలు గట్టిపడుతుంటాయి, గుండె కండరం మందమవుతుంటుంది, ఇన్ఫెక్షన్లు వచ్చి పోతుంటాయి. ఆ తర్వాత వచ్చేది ఎంత బాగా కలిసిన కిడ్నీ అయినా, దాన్ని అందుకునే శరీరం అప్పటికి బలహీనపడి ఉంటుంది.

కిడ్నీ నాణ్యత కూడా పోలికంత ముఖ్యమైనదే. 1995లో కణజాల పోలిక పరీక్షల నిపుణుడు పాల్ టెరసాకి బృందం ప్రచురించిన లెక్కల్లో భార్యాభర్తల మధ్య జరిగిన మార్పిడుల్లో మూడేళ్లకు 85 శాతం కిడ్నీలు పనిచేశాయి, జీవన్మృతుల కిడ్నీల్లో 70 శాతం పనిచేశాయి. భార్యాభర్తల మధ్య హెచ్ఎల్ఏ కలిసే అవకాశం అపరిచితుల మధ్య ఉన్నంతే. అయినా ఫలితం అంత మెరుగ్గా ఉండడానికి కారణం, ఆరోగ్యవంతుడైన మనిషి నుంచి తీసిన కిడ్నీ ఎక్కువసేపు మంచులో ఉండకుండా వెంటనే మరొకరి శరీరంలోకి చేరడమే. మెదడు చనిపోయిన స్థితిలో శరీరమంతా ఒక రకమైన వాపు ప్రక్రియ మొదలవుతుంది, రక్తపోటు పడిపోతుంది, ఆ తర్వాత కిడ్నీ కొన్ని గంటలు చల్లని ద్రావణంలో గడుపుతుంది. ఈ దెబ్బల వల్ల కిడ్నీ కణాల మీద హెచ్ఎల్ఏ ప్రోటీన్లు మరింతగా బయటపడి, రోగనిరోధక వ్యవస్థ కంట్లో తేలికగా పడతాయి. కాబట్టి పిలుపు వచ్చినప్పుడు "ఎన్ని కలిశాయి" అని అడగడంతో ఆగకుండా దాత వయసు, చనిపోయిన కారణం, చివరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష), బీపీ, షుగర్ చరిత్ర, కిడ్నీ ఎన్ని గంటలు మంచులో ఉండబోతోంది అన్నవి కూడా అడగండి. దూరం నుంచి బాగా కలిసిన కిడ్నీని తెప్పించుకోవడానికి పట్టే అదనపు గంటలు కొన్నిసార్లు ఆ కలయిక ఇచ్చే లాభాన్ని మింగేస్తాయి. యూరప్‌లో కొన్ని దేశాల మధ్య అవయవాలను పంచే యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 1999లో ప్రారంభించిన వృద్ధుల కార్యక్రమంలో 65 ఏళ్లు దాటిన దాతల కిడ్నీలను 65 దాటిన రోగులకు దగ్గర్లోనే, హెచ్ఎల్ఏ పోలిక చూడకుండా ఇవ్వడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. అక్కడ పోలిక కంటే సమయానికి విలువ ఇచ్చారు.

ఇక ఆ రెండో గడప, క్రాస్‌మ్యాచ్. ఇది ఎందుకంత కీలకమో అర్థం కావాలంటే ప్రయోగశాలలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. దాత రక్తం నుంచి, లేదా ప్లీహం ముక్క నుంచి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలను వేరుచేస్తారు. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో నూనె పొర కింద ఆ కణాలనూ రోగి సీరమ్‌నూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) బొట్టు బొట్టుగా కలిపి, కొంతసేపయ్యాక కుందేలు సీరమ్ నుంచి తీసిన కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లను చేరుస్తారు. రోగి సీరమ్‌లో దాత కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉంటే అవి కణాలకు అతుక్కుంటాయి, కాంప్లిమెంట్ వచ్చి ఆ కణాలకు చిల్లులు పొడుస్తుంది. చివర్లో రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చచ్చిన కణాలు రంగు పీల్చుకుని ఉబ్బి ముదురుగా కనిపిస్తాయి, బతికున్నవి చిన్నగా, మెరుస్తూ ఉంటాయి. ఆ గుంటలో కనిపించిందే కిడ్నీలోని రక్తనాళాల్లోనూ జరుగుతుంది. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన వివరాల్లో క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా మార్పిడి చేసిన 30 మందిలో 24 మంది కిడ్నీలు వెంటనే విఫలమయ్యాయి. నెగెటివ్‌గా ఉన్న 195 మందిలో అలా జరిగింది 8 మందికే. అప్పటినుంచి క్రాస్‌మ్యాచ్ చూడకుండా మార్పిడి చేయకూడదన్నది నియమంగా స్థిరపడింది.

ఇప్పుడు దీనికంటే సున్నితమైన ఫ్లో సైటోమెట్రీ క్రాస్‌మ్యాచ్ ఉంది. ఒక్కొక్క హెచ్ఎల్ఏ రకం పూత పూసిన సూక్ష్మమైన పూసలతో చేసే సింగిల్ యాంటిజెన్ పరీక్ష కూడా ఉంది. రోగికి ఏయే రకాల మీద యాంటీబాడీలు ఉన్నాయో ముందుగానే తెలిస్తే, దాత టైపింగ్ రాగానే క్రాస్‌మ్యాచ్ ఎలా వస్తుందో చాలావరకు కాగితం మీదే ఊహించవచ్చు. దీన్నే వర్చువల్ క్రాస్‌మ్యాచ్ అంటారు. అయితే పూసల పరీక్షలో వచ్చే అంకెలకు అన్ని ప్రయోగశాలల్లోనూ ఒకే హద్దు లేదు. ఒక చోట ప్రమాదమనుకున్న అంకెను మరో చోట గమనిస్తూ ఉంటే చాలునని భావించవచ్చు. ఆ అంకెను ఒంటరిగా చూసి నిర్ణయానికి రాకండి.

ఈ యాంటీబాడీలు ఎలా వస్తాయంటే, పరాయి హెచ్ఎల్ఏ శరీరంలోకి వచ్చిన సందర్భాల వల్ల వస్తాయి. ప్రధానమైనవి మూడు: రక్తం ఎక్కించుకోవడం, గర్భధారణ, ఇంతకుముందు జరిగిన అవయవ మార్పిడి. నేను చూసిన ఒక మహిళ సంగతి ఇక్కడ చెప్పాలి. పిల్లల తల్లి. ఆమెకు ఒకసారి రెండే తేడాలున్న కిడ్నీ వచ్చింది, కుటుంబమంతా ఎంతో సంతోషించింది. కానీ ఆ రెండింటిలో ఒకటి ఆమె భర్త నుంచి బిడ్డలకు వచ్చిన రకమే. గర్భధారణల సమయంలోనే దానిమీద ఆమెకు బలమైన యాంటీబాడీలు ఏర్పడి ఉన్నాయి. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్, ఆ కిడ్నీ ఇవ్వలేకపోయాం. తర్వాత నాలుగు తేడాలున్న మరో కిడ్నీ వచ్చింది. ఆ నాలుగింటిలో దేనిమీదా ఆమెకు యాంటీబాడీ లేదు. అదే పెట్టాం, చక్కగా పనిచేస్తోంది. రెండు తేడాలు నాలుగింటికంటే మేలని సంఖ్య చెప్పింది, ఆమె రక్తం మాత్రం వేరే మాట చెప్పింది.

అయితే తేడాలన్నీ సమానం కావు, మీ తమ్ముడి వయసు దృష్ట్యా ఈ విషయం పట్టించుకోవాలి. సాధారణంగా డిఆర్ తేడాలకు ఎ, బి తేడాలకంటే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. అమెరికా కేటాయింపు విధానంలో బి పోలికకు ఇచ్చే పాయింట్లను 2003లో తొలగించి డిఆర్ పాయింట్లను ఉంచారు. ఆ ఆరింటి లెక్కలోకి రాని డిక్యూ అనే రకం కూడా ఉంది. మార్పిడి తర్వాత కొత్తగా పుట్టే యాంటీబాడీల్లో ఎక్కువగా కనిపించేవి డిక్యూ మీదివే. డిఆర్, డిక్యూ జన్యువులు పక్కపక్కనే ఉంటాయి కనుక డిఆర్ కలిస్తే చాలాసార్లు డిక్యూ కూడా కలుస్తుంది, కానీ ప్రతిసారీ కలవదు. మీ ఆసుపత్రి ఇచ్చే టైపింగ్ రిపోర్టులో డిక్యూ ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

34 ఏళ్ల మనిషికి జీవితకాలంలో రెండో మార్పిడి అవసరం పడే అవకాశం బాగానే ఉంది. మొదటి కిడ్నీ ఆగిపోయినప్పుడు, ముఖ్యంగా మందులు తగ్గించాక, అందులోని పరాయి రకాలమీద యాంటీబాడీలు పెరుగుతాయి. అప్పుడు ఆ రకాలున్న దాతలందరూ అతనికి దూరమవుతారు. తేడాలు ఎన్ని ఎక్కువుంటే మూసుకుపోయే తలుపులు అన్ని ఎక్కువ. అందుకే పిల్లలకూ యువకులకూ డిఆర్ పోలిక విషయంలో కొంత పట్టుదల చూపడం న్యాయమేనని నా అభిప్రాయం. దీని ఆధారంగా ఒక కిడ్నీని వద్దనే సందర్భం ఉందా అంటే, ఉంది: రోగి యువకుడు, ఆరోగ్యం నిలకడగా ఉంది, యాంటీబాడీలు లేవు, అతని గ్రూపులో దాతలు తరచుగా వస్తున్నారు, వచ్చిన కిడ్నీ వయసు మీరిన దాతది, దానికితోడు డిఆర్ రెండూ తేడానే. అలాంటప్పుడు వైద్యుడే ఆగుదామని చెప్పవచ్చు. అక్కడ కారణాలు కలిసి పనిచేస్తున్నాయి, తేడా ఒక్కటే కాదు.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. వందమంది దాతల్లో తొంభై ఎనిమిది మందికి వ్యతిరేకంగా యాంటీబాడీలున్న రోగికి, క్రాస్‌మ్యాచ్ నెగెటివ్ వచ్చిన కిడ్నీ ఏదైనా అపురూపమే. ఎన్ని తేడాలున్నా సరే, అతను దాన్ని వదులుకోకూడదు. ఇలాంటివారి కోసం ఐజీజీ రకం యాంటీబాడీలను గంటల వ్యవధిలో తెగ్గొట్టే ఇమ్లిఫిడేజ్ అనే ఎంజైమ్ మందుకు యూరప్‌లో 2020లో షరతులతో అనుమతి వచ్చింది. దాని ప్రభావం తాత్కాలికం, యాంటీబాడీలు తిరిగి వస్తాయి. మీ తమ్ముడికి ఇప్పుడు దాని అవసరం ఉండకపోవచ్చు.

మార్పిడి తర్వాత సంగతి మీరు అడగలేదు గానీ, అడిగినదాని నుంచి అది విడదీయరానిది. ఒక తేడా మాత్రమే ఉన్న కిడ్నీ పొందిన ఒక కుర్రవాడు నాకు గుర్తున్నాడు. క్రియాటినిన్ చాలాకాలం చక్కగా ఉంది. చదువు, ఉద్యోగం పేరుతో ఊరు మారాక మందులు అప్పుడప్పుడు మానేయడం మొదలుపెట్టాడు. నొప్పి లేదు, వాపు లేదు, ఏ లక్షణమూ లేదు కనుక ఏమీ కాలేదనుకున్నాడు. వచ్చేసరికి క్రియాటినిన్ రెట్టింపైంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. బయాప్సీలో యాంటీబాడీల వల్ల జరిగిన రిజెక్షన్ కనిపించింది. రక్తంలో డిక్యూ మీద కొత్త యాంటీబాడీ ఉంది. ఆ కిడ్నీని నిలబెట్టలేకపోయాం. ఐదు తేడాలున్నా, వేళ తప్పకుండా మందులు వేసుకుని ఏళ్ల తరబడి మామూలు జీవితం గడుపుతున్నవారు మా విభాగానికి క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నారు. డిఆర్, డిక్యూ తేడాలు ఎక్కువ ఉన్నవారిలో టాక్రోలిమస్ స్థాయి తగ్గితే కొత్త యాంటీబాడీలు పుట్టే ముప్పు ఎక్కువని పరిశోధనలు చూపించాయి. కాబట్టి తక్కువ కలిసిన కిడ్నీ తీసుకున్నవారికి ఆ స్థాయిని నిలకడగా ఉంచుకోవడం మరింత అవసరం. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఆ స్థాయిని బాగా పడగొడుతుంది, ఫ్లూకోనజోల్, క్లారిత్రోమైసిన్ వంటివి పెంచేస్తాయి. ఏ కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా, మార్పిడి విభాగానికి తెలియజేయాలి.

పిలుపు కోసం ఎదురుచూసే ఈ కాలంలో మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించుకోవద్దు. డయాలసిస్‌లో హిమోగ్లోబిన్ తగ్గితే ముందుగా ఐరన్, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ల గురించి అడగండి. తప్పనిసరై ఎక్కించాల్సి వస్తే ఆ తేదీని మార్పిడి విభాగానికి చెప్పండి, ఎందుకంటే తర్వాత కొన్ని వారాల్లో కొత్త యాంటీబాడీలు పుట్టవచ్చు, ప్రయోగశాలలో ఉన్న పాత సీరమ్‌తో వేసిన లెక్క అప్పుడు చెల్లదు. వాళ్లు ఇమ్మన్నప్పుడల్లా తాజా రక్త నమూనా ఇవ్వండి. అర్ధరాత్రి దాత వచ్చినప్పుడు వర్చువల్ క్రాస్‌మ్యాచ్ చేసేది ఆ నమూనా ఫలితాలతోనే. ఇప్పుడే ఒకసారి అపాయింట్‌మెంట్ తీసుకుని మూడు విషయాలు అడగండి: తమ్ముడికి యాంటీబాడీల శాతం ఎంత, ఏయే రకాలను అతనికి నిషేధంగా నమోదు చేశారు, ఎలాంటి దాత వస్తే వైద్యులే వద్దంటారు. పిలుపు వచ్చాక నిర్ణయానికి దొరికే సమయం చాలా కొద్ది. ఈ జవాబులు ముందే చేతిలో ఉంటే ఆ గంటలో మీరు ఫోనులో మాట్లాడాల్సింది దాత వయసు, క్రియాటినిన్, మంచులో ఉండే గంటలు, క్రాస్‌మ్యాచ్ ఫలితం గురించి మాత్రమే.